ఏ ధాత?

కర్నూలు, కడప జిల్లాల్లో పెద్ద కరువు మాట వస్తే పాతవాళ్ళు అంకె చెప్పేవారు కాదు. ధాత కరువు అనేవారు. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగింది. ఆ దెబ్బకి కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిందని జనాభా లెక్కలు చెబుతాయి. తిండి లేక అల్లాడినవాళ్ళకి పేరే చాలు, అంకె దేనికి?

చిక్కేమిటంటే, ధాత మళ్ళీ వస్తుంది. 1936లో వచ్చింది, 1996లో వచ్చింది. ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై పేర్లు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. "అవ్వ ధాతలో పుట్టింది" అంటే, అవ్వ ఎదురుగా ఉన్నంతకాలం ఏ ధాతో ఎవరూ అడగరు. అవ్వ పోయాక ఆ మాట రాసిన కాగితం దొరికినవాడు ఏం చేయాలి?

రాతి మీద రాయించినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. కడప జిల్లా కలమళ్ళలో ఉన్న రేనాటి చోళుల తెలుగు శాసనంలో సంవత్సరం కనిపించదు. లిపి తీరు చూసి 575 ప్రాంతమని పండితులు తేల్చాల్సి వచ్చింది. విజయనగరం రోజులకి పద్ధతి కుదిరింది. కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచింది శకం 1437, యువ నామ సంవత్సరం. శకానికి 78 కలిపితే 1515. పేరు తిరుగుతుంది, శకం తిరగదు. రెండూ పొసగకపోతే ఎక్కడో పొరపాటుందన్నమాట. పైగా తిథీ వారమూ కూడా చెక్కితే ఇక తప్పించుకునే దారే లేదు!

కంప్యూటర్లకీ ఓ శకం ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్ళు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టారు. ఆ లెక్క దాచే గడి వెడల్పు 32 బిట్లు. ఒక బిట్టు ముందా వెనకా అనే గుర్తుకి పోగా, మిగిలినవాటిలో పట్టే పెద్ద అంకె 2,147,483,647. మన గడియారం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి అది నిండిపోతుంది. మరుసటి సెకనుకి లెక్క గిర్రున తిరిగి 1901 డిసెంబరులో పడుతుంది. మన పేర్లలో చెప్పాలంటే పింగళ నుంచి ప్లవకి! శకం అనుకున్నది కాస్తా చక్రమైపోయిందన్నమాట. అరవై ఏళ్ళ చక్రమే నయం, తాను చక్రమని దాచుకోలేదు.

గడిని 64 బిట్లకి పెంచితే వేల కోట్ల ఏళ్ళు చాలుతుంది. లినక్స్ 2020లో 32 బిట్ల యంత్రాలకి కూడా ఆ ఏర్పాటు చేసింది. మార్చకుండా మిగిలిన పాత పెట్టెలు మాత్రం ఆ ఉదయం ప్లవలోనే నిద్ర లేస్తాయి.