పుల్లటి పాల నుంచి మాత్రల దాకా

1904 జూన్ 8న పారిస్‌లో ఇల్యా మెచ్నికోవ్ ముసలితనం మీద ఉపన్యాసం ఇచ్చాడు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న ఆయన వాదన ఇది: పెద్దపేగులో కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులు విషాలు వదులుతాయి, మనిషి తొందరగా ముసలివాడయ్యేది వాటివల్లే. పాలను పులియబెట్టే బ్యాక్టీరియా పుట్టించే ఆమ్లంతో వాటిని అణచవచ్చు. బల్గేరియాలో పుల్లటి పాలు తాగుతూ చాలాకాలం బతికే పల్లె జనాన్ని ఆయన ఉదాహరణగా చూపించాడు.

అది ఊహే, రుజువు కాదు. అయినా పారిస్‌లో పుల్లటి పాలకు గిరాకీ లేచింది. మరుసటి ఏడాది జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా విద్యార్థి తన దేశపు పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించాడు. 1908లో మెచ్నికోవ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. పెరుగుకు దానితో సంబంధం లేదు. కానీ నోబెల్ గ్రహీత చెప్పిన మాటగా పెరుగు ప్రచారానికి కొత్త బలం వచ్చింది. 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో తన కొడుకు డేనియల్ ముద్దుపేరుతో డానోన్ అనే పెరుగు తయారీ మొదలుపెట్టి, మందుల దుకాణాల్లో అమ్మించాడు.

ఇక్కడే ఈ వ్యాపారపు అలవాటు ఒకటి బయటపడుతుంది. శాస్త్రవేత్త షరతులతో చెప్పిన మాటను దుకాణం షరతులు తీసేసి అమ్ముతుంది. నూట ఇరవై ఏళ్లుగా ఆ అలవాటు మారలేదు.

షరతులను గట్టిగా గుర్తుచేసినవాళ్లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియో రెట్గర్ ఒకడు. బల్గేరియా పెరుగు బ్యాక్టీరియా మనిషి పేగుల్లో నిలదొక్కుకోదని ఆయన బృందం చూపించింది. అందుకే 1920ల్లో చూపు అసిడోఫిలస్ అనే మరో జాతి మీదికి మళ్లింది. జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే దారి వేరు: 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పేగుజబ్బు బారిన పడని ఒక సైనికుడి మలం నుంచి ఈ.కోలి రకం ఒకదాన్ని వేరుచేశాడు. దాన్ని మందుగా వాడటం నేటికీ ఉంది.

జపాన్‌లో కథ ఇంకా ముందుకు సాగింది. క్యోటోలో మినోరు షిరోటా 1930లో, కడుపులోని ఆమ్లాన్నీ పిత్తాన్నీ తట్టుకుని పేగుల దాకా ప్రాణంతో చేరే లాక్టోబాసిల్లస్ రకాన్ని పెంచాడు. 1935లో అది యాకుల్ట్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1963 నుంచి మహిళలు ఇంటింటికీ తిరిగి అమ్మే పద్ధతి దాన్ని దేశమంతా పాకించింది. ఇండియాలో ఇప్పుడు అమ్ముతున్న 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది, మామూలు రకంలో దాదాపు 10 గ్రాముల చక్కెర కూడా. ఒళ్లు తగ్గాలని తాగేవాళ్లు ఆ రెండో అంకెను కూడా చదవాలి.

నిన్నటి పెరుగు చుక్క వేసి పాలు తోడుపెట్టే తెలుగు ఇళ్లకు ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. తేడా ఉంది. ఇంటి తోడులో ఏ జాతి ఎంత ఉందో ఎవరూ లెక్కగట్టరు; ఇంటింటికీ అది మారుతుంది. తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమం ప్రకారం రోజువారీ మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా ఉండాలి.

ఆ బ్యాక్టీరియాకు మేత వేయడం గురించిన ఆలోచన తర్వాత వచ్చింది. 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ ప్రీబయోటిక్ అనే భావనను ప్రతిపాదించారు. మనకు అరగకుండా పెద్దపేగుకు చేరి, అక్కడి మంచి జాతులను పెంచే పదార్థాలివి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఇన్యులిన్ అలాంటిదే. కంపెనీలు దాన్ని ఎక్కువగా తీసేది చికోరీ వేరు నుంచి. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిసేదీ ఆ వేరే, కాకపోతే వేయించేటప్పుడు ఇన్యులిన్ చాలావరకు విరిగిపోతుంది.

స్థూలకాయం ఈ కథలోకి వచ్చింది 2004లో. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ ప్రయోగశాలలో, సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగు సూక్ష్మజీవులను ఎక్కించారు. అవి తిన్నది తగ్గింది, ఒంట్లో కొవ్వు మాత్రం రెండు వారాల్లో దాదాపు 60 శాతం పెరిగింది. గొప్ప ప్రయోగం. కానీ అది ఎలుకల్లో జరిగింది.

మనుషుల్లో ఫలితాలు చిన్నవి. జపాన్‌లో 2010లో అచ్చయిన అధ్యయనంలో 87 మంది 12 వారాలు పులియబెట్టిన పాలు తాగారు. లాక్టోబాసిల్లస్ గాసెరి అనే ఒక ప్రత్యేక రకం కలిసిన పాలు తాగినవాళ్లకు పొట్ట లోపలి కొవ్వు 4.6 శాతం తగ్గింది. 2013 నాటి మరో అధ్యయనంలో తాగడం ఆపిన నెలకు ఆ మేలు సన్నగిల్లింది. 2019లో బెల్జియం పరిశోధకులు అకర్‌మాన్సియా అనే పేగు బ్యాక్టీరియాను మూడు నెలలు ఇచ్చి చూశారు. చివరిదాకా ఉన్నది 32 మందే. బ్యాక్టీరియాను వేడిచేసి చంపి ఇచ్చినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. బరువులో తగ్గుదల మాత్రం గణాంకాల పరీక్షకు నిలవలేదు. ఆ బ్యాక్టీరియా ఇప్పుడు మాత్రలుగా అమ్ముడవుతోంది.

పెద్ద పరీక్ష ఎలా ఉంటుందో మన పక్కనున్న ఒడిశా చూపించింది. అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులను పరీక్షకు తీసుకుని, కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకం ఒకదాన్ని దాని మేతతో కలిపి వారం రోజులు ఇచ్చారు. మిగతావాళ్లలో 9 శాతం మంది సెప్సిస్ బారిన పడటమో చనిపోవడమో జరిగితే, ఇది తాగిన శిశువుల్లో 5.4 శాతానికే ఆగింది. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంత గట్టి రుజువు ఉన్నది ఆ ఒక్క రకానికి, ఆ మోతాదుకు, ఆ పసికందులకు. పొట్ట తగ్గిస్తామనే డబ్బాలు దాన్ని వాడుకోలేవు.