అమ్రాబాదు చెంచులు: వారి తెలుగు, వారి యడవి

హైదరాబాదు పాతనగరము నుండి చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణమునకు సాగు బాట కల్వకుర్తిని, డిండిని దాటి మన్ననూరుకడ కొండ నెక్కును. శ్రీశైలయాత్రికులు పోవు బాట యిదియే. కొండపైన కృష్ణానది వఱకు వ్యాపించిన యడవికి అమ్రాబాదు పీఠభూమి యని పేరు. ఆ యడవిలో దోమలపెంట, అప్పాపూరుపెంట, రాంపూరుపెంట యను నూళ్లు గలవు. ఈ పేర్లను విని నగరవాసి నవ్వుకొనును. అతని తెలుగున పెంట యనగా ఎరువుకుప్ప. చెంచునకు పెంట యనగా తన యిల్లును, తనవారి యిండ్లును ఉన్న చోటు. పెంటతో ముగియు గ్రామనామములు తెలుగుదేశమున వేఱుచోట్లను గలవు గనుక, ఈ యర్థము చెంచులు క్రొత్తగా కల్పించినది కాదనియు, మైదానమువారు మఱచినదానిని వారు నిలుపుకొని యుండిరనియు నూహించుట యసంగతము కాదు.

చెంచుల భాష తెలుగే. ఉచ్చారణయందును పదములయందును కొంత భేద మున్నను, వారికి వేఱొక భాష యుండెననుటకు వారి మాటలలో జాడ కానరాదు. వేటచేతను, గడ్డలచేతను బ్రదుకు జాతికి, దున్ని పండించు పొరుగువారి భాషయే మాతృభాష యగుట విచారింపదగిన విషయము. ఉత్తరధ్రువప్రాంతమున సీలుచేపను, తిమింగిలమును వేటాడి జీవించిన ఇనుయిట్ల స్థితి యిందుకు విరుద్ధము. పూర్వ మెస్కిమోలని పిలువబడిన ఈ జాతి అలాస్కా, కెనడా, గ్రీన్లాండు దేశములలో చెదరి యున్నను, ఒక్క కుటుంబమునకు చెందిన భాషలనే మాటలాడును. ఇనుయిట్ అను పేరునకు వారి భాషలో మనుష్యులని యర్థము. ఆ భాషయే వారి హక్కులకు గుర్తుగా నిలిచెను. 1999లో కెనడాయందు నూనవుట్ అను ప్రత్యేకప్రాంత మేర్పడెను. ఆ పేరు వారి భాషలో 'మా నేల' యగును. 2009లో గ్రీన్లాండున వారి భాష ఏకైకాధికారభాష యయ్యెను. చెంచునకు ఇట్టి సాక్ష్యము లేదు. అతడు పలికిన పలుకు తెలుగువాని చెవికి మోటు తెలుగుగా వినబడునే గాని, వేఱొక జాతివాని మాటగా వినబడదు.

అయినను వారి జీవనము మాత్రము వారిదే. వారి ముఖ్యసాధనములు విల్లు, అమ్ములు, గొడ్డలి, ఇనుపమొన గల త్రవ్వుకోల. స్త్రీలును పురుషులును అడవిగడ్డలను త్రవ్వుదురు. ఇప్పపూవును, కాయలను, పండ్లను ఏరుకొందురు. గుండ్రని తడికగోడలపై గడ్డికప్పు వేసిన గుడిసెలలో నుందురు. వేసవిలో నీరున్న చోటికి పోయి ఆకుపందిళ్ల క్రింద కాలము గడపుట పూర్వాచారము. వేటలో దొరికినదానిలో కొంత గారెలమైసమ్మకు నివేదించిన పిమ్మటనే తినుట యాచారము. కొండచఱియలందలి తేనెపట్టును తీయుటకు చెంచు త్రాటిపై వ్రేలాడుచు లోయలోనికి దిగును. పైన త్రాటిని పట్టుకొనువాడు అతని భార్యకు సోదరుడై యుండవలెను. చెల్లెలు విధవ కావలెనని యేయన్నయు కోరడు గదా! శాస్త్రములు వ్రాసికొనని యీ జనులు ధర్మసూక్ష్మమును త్రాటికొసయందే నిలిపిరి.

తెలుగువారి పురాణకథలు మాత్రము చెంచును దూరముగా నుంచలేదు. అహోబిలనరసింహుడు చెంచులక్ష్మిని వరించెను. శ్రీశైలమల్లికార్జునుడు చెంచుమల్లయ్య యయ్యెను. అహోబిలమున సంక్రాంతికాలపు పారువేటయుత్సవమందు స్వామి పల్లెపల్లెకు వేంచేయునపుడు చెంచులు ఆయనను తమ యల్లునిగా భావించి గౌరవింతురు. కథలో కన్య నిచ్చినవారికి అడవిలో కట్టె కొట్టుకొను హక్కు ప్రశ్నార్థక మగుట వింతయే.

ఈ జాతిని గూర్చి సమగ్రముగా వ్రాసినవాడు వియన్నానగరమున 1909లో జన్మించిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫు. 1939లో యుద్ధ మారంభము కాగా, జర్మనీ పాసుపోర్టు గలవాడగుటచే బ్రిటిషువా రాయనను హైదరాబాదు సంస్థానపు టెల్లలకు కట్టడిచేసిరి. ఆ నిర్బంధమే చెంచుల చరిత్రకు మేలయ్యెను. ఆయన 1940లో పెంటలలో నివసించి, 'ది చెంచూస్' అను గ్రంథమును 1943లో ప్రకటించెను. నిజాము ప్రభుత్వము హైదరాబాదు ఆదిమజాతులను గూర్చి వెలువరించిన గ్రంథమాలలో నిదియే మొదటిది. ఆయన సలహాననుసరించియే కొండమీది యడవిలో కొంతభాగము చెంచులకై ప్రత్యేకింపబడెను. ఆ కాలమున కృష్ణకు ఆవలి కర్నూలు చెంచులు మదరాసు ప్రభుత్వపు టేలుబడిలో నుండిరి. ఒకే జాతికి ఒక నది యిరువురు దొరలను నియమించినది.

1948లో సంస్థానము భారతదేశమున విలీన మయ్యెను. 1978లో ఈ యడవి వన్యమృగరక్షితప్రదేశముగను, 1983లో పులుల సంరక్షణకేంద్రముగను ప్రకటింపబడెను. తెలంగాణరాష్ట్ర మేర్పడిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పులుల సంరక్షణకేంద్ర మనబడుచున్నది. పులికి రక్షణ యవసర మనుటలో సందేహము లేదు. కాని పులితోడనే తరతరములు బ్రదికిన చెంచు అక్కడ పరాయివాడుగా లెక్కింపబడుట తగునా యనునది వేఱు ప్రశ్న. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదివాసులకు వ్యక్తిగతముగను, సాముదాయికముగను హక్కుల నంగీకరించినది. గ్రామసభ సమ్మతి లేక పులులయడవినుండి వారిని తరలింపరాదనియు విధించినది. 2019లో అమ్రాబాదున యురేనియమునకై అన్వేషణ సాగింపవలెనను ప్రతిపాదన రాగా చెంచులును, ఇతరులును ప్రతిఘటించిరి. ఆ సంవత్సరముననే తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను.

పెంట విడిచి మైదానమునకు తరలిన కుటుంబమునకు భూమి దొరకవచ్చును, ధనము దొరకవచ్చును. తేనెపట్టుల భేదములకును, గడ్డల జాతులకును, నేలపై మృగము విడిచిన యడుగుజాడలకును వారు వాడు మాటలు మాత్రము ఆ కొండమీదనే వినదగినవి. అవి తెలుగు మాటలే యగుటచే వానిని సేకరించు భారమును తెలుగు నిఘంటుకారులు మఱొకరికి విడువ వీలులేదు.