రాత్రి తినే పిట్టకి పగటి లెక్క: బర్రీ ఇన్‌లెట్ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పిట్ట, ఒక గుల్ల, మధ్యలో ఒక లెక్క. ఆ లెక్క చుట్టూ జరిగిన గొడవలో సుమారు 10 వేల పక్షులు చచ్చిపోయాయి.

ప్లేస్ వచ్చి బ్రిటన్‌లోని సౌత్ వేల్స్. అక్కడ బర్రీ ఇన్‌లెట్ అని ఒక సముద్రపు పాయ, దాని ఒడ్డున పెన్‌క్లౌద్ అనే ఊరు. తరతరాలుగా ఆ ఊరి ఆడవాళ్లు ఆటు టైమ్‌లో గాడిదల్ని తోలుకుని ఇసుక మీదకి వెళ్లి, కాకిల్స్ అనే గుల్లలు ఏరి అమ్ముకునేవాళ్లు. అదే వాళ్ల బతుకుతెరువు. అవే గుల్లలు తినే పక్షి ఆయిస్టర్‌క్యాచర్. నలుపు తెలుపు ఒళ్లు, నారింజ రంగు పొడుగాటి ముక్కు. చలికాలంలో అక్కడికి వేలల్లో దిగుతుంది.

గుల్లలు తగ్గేసరికి అనుమానం పిట్ట మీదకి పోయింది. 1972-74 మధ్య, రెండు చలికాలాల్లో, అధికారిక అనుమతితోనే వాటిని కాల్చారు.

సరే, పిట్ట దోషి అని తేల్చాలంటే ముందు అది రోజుకి ఎన్ని తింటుందో తెలియాలి కదా? ఆర్. ఇ. డ్రినాన్ అనే పరిశోధకుడు 1957లోనే మోర్‌కాంబ్ బే దగ్గర దీని మీద పేపర్ రాశారు. పగలైతే బైనాక్యులర్ పెట్టుకుని లెక్కపెట్టొచ్చు. మరి రాత్రి?

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ పక్షులకి డ్యూటీ టైమ్ ఇచ్చేది సూర్యుడు కాదు, సముద్రం. నీళ్లు వెనక్కి తగ్గితేనే తిండి. ఆటు దాదాపు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, అంటే రోజూ 50 నిమిషాలు లేటవుతుంది. వేల్స్‌లో డిసెంబర్ పగలు 8 గంటలే. అంటే రోజుకి రెండు ఆటుల్లో కనీసం ఒకదాంట్లో ఎక్కువ భాగం చీకట్లోనే పోతుంది. కోడింగ్ చేసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సగం ఇన్‌పుట్ మనం కొలవలేదు, ఊహించాం. అవుట్‌పుట్‌ని ఎంతవరకు నమ్ముతాం?

చీకట్లో గుల్ల దొరకడం ఎలా? 1976లో యాన్ హల్షర్ అనే డచ్ శాస్త్రవేత్త దీని మీదే పేపర్ వేశారు. ఆయిస్టర్‌క్యాచర్ రాత్రిపూట కంటితో కాదు, ముక్కుతో తడిమి వెతుకుతుంది. కుట్టుమిషన్ సూదిలా ముక్కుని ఇసుకలో టకటకా దించుతూ పోతుంది, గట్టిగా తగిలితే గుల్ల. డేట్ గమనించండి. కాల్పులు ముగిసి అప్పటికి రెండేళ్లు.

1977లో హార్‌వుడ్, గాస్-కస్టర్డ్ అనే ఇద్దరు బర్రీ ఇన్‌లెట్ డేటా మొత్తం మళ్లీ తీశారు. పక్షులే కారణమన్న వాదనని గట్టిగా ప్రశ్నించారు. అప్పటికి చచ్చిన పిట్టలు తిరిగి రావు కదా.

1998లో ఇంకో ఆశ్చర్యం. రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్ట, గుల్లని ముట్టుకోకుండానే కనిపెడుతుందని తేయునిస్ పియర్స్‌మా టీమ్ చూపించింది. ముక్కు గుచ్చగానే తడి ఇసుకలోని నీళ్లలో ఒత్తిడి పుడుతుంది. కింద గట్టి వస్తువు ఉంటే ఆ ఒత్తిడి తీరు మారుతుంది. ముక్కు కొనలోని నరాలు ఆ తేడా పట్టేస్తాయి. రాయి పాతిపెట్టినా కనిపెట్టింది, కాబట్టి అది వాసన కాదు.

పెన్‌క్లౌద్ ఆడవాళ్లని నేను తప్పుపట్టను. గుల్లలు తగ్గితే ఆకలి వాళ్లదే. కానీ చావు తీర్పు రాసేముందు, రాత్రి కూడా వెళ్లి చూడాలి. మన కాకినాడ పక్కన కోరింగ బురద నేలల మీదకీ చలికాలంలో ఇలాంటి వలస పక్షులు వస్తాయి. చీకట్లో ఖాళీగా కనిపించే ఆ నేల, వాటికి రెండో పూట భోజనం పెట్టే చోటు. దాన్ని ఉత్త బీడు అనేముందు ఒక్కసారి ఆలోచించండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.