పాత్ర

వంటింట్లో గిన్నెనూ పాత్ర అంటాం, నాటకంలో సత్యభామనూ పాత్రే అంటాం. సంస్కృతంలో ‘పా’ అంటే తాగడం. తాగడానికి వాడేది పాత్ర. నీళ్లో పాలో పట్టే ఆ మాటే మెల్లగా ఏదైనా పట్టగల యోగ్యతకు పేరయింది. పాత్రుడు, అపాత్రదానం అలా వచ్చినవే. రంగస్థలం మీద వేషధారి మరొకరి జీవితాన్ని తనలో పట్టి ప్రేక్షకులకు అందిస్తాడు కనుక అక్కడా ఇదే మాట కుదిరిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కూచిపూడి వాళ్లకు పాత్ర రావడమే ఒక పండగ. దానికోసం ప్రత్యేకంగా ప్రవేశ దరువు అనే పాట ఉంటుంది. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. ముందు మనిషి కనిపించదు. తెర మీదుగా పొడవాటి జడ ఒక్కటే ఇవతలికి జారుతుంది. సత్యభామ అతిశయమంతా ఆ జడలోనే ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ పురుషుడై ఉండి ఈ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

అదే కలాపంలో ఒకే నటుడు భామ ఎదుట చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గర చెలికాడు మాధవుడు. సూత్రధారీ తనే. మనిషి మారడు, ఎవరి ముందు నిలబడ్డాడన్నదాన్ని బట్టి పాత్ర మారుతుంది.

తెలుగులో పాత్రను ‘పోషిస్తాం’ కూడా. బిడ్డను పెంచడానికి వాడే మాటే అది. ఎంత చక్కటి వాడుక!