కనిపించని అక్షరాలు

గత వేసవిలో నా పదసూచికను కంప్యూటరులోకి ఎక్కిస్తుండగా 'ఉపాధ్యాయుడు' అన్న పదం రెండుసార్లు కనిపించింది. రెండింటికీ అక్షరభేదం లేదు. మా మనుమడు చూసి, "తాతయ్యా, రెండోదాని చివర ఒక ఖాళీ ఉంది. యంత్రానికి అది కూడా అక్షరమే" అన్నాడు. ఖాళీ కూడా ఒక వర్ణమని నేను చదువుకున్న ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ఆ కుతూహలంతో దీని పూర్వచరిత్ర వెదికాను.

1963లో అమెరికాలో ఆస్కీ అనే సంకేతపట్టిక వెలువడింది. అక్షరానికొక సంఖ్య. కొన్ని సంఖ్యలను మాత్రం యంత్రానికిచ్చే ఆజ్ఞలకు కేటాయించారు. అచ్చు వేసే భాగాన్ని పంక్తి మొదటికి తెచ్చేది 13, కాగితాన్ని ఒక వరుస జరిపేది 10. ఆనాటి టెలిటైపు యంత్రాలు కాగితపు పట్టీకి రంధ్రాలు పొడిచి పాఠాన్ని భద్రపరిచేవి. రంధ్రమే లేని చోటు సున్న, అదే శూన్యాక్షరం. తాటాకు మీద గంటంతో గీసినదాన్ని చెరపలేనట్లే, పొడిచిన రంధ్రాన్ని పూడ్చలేరు గదా! అందుచేత తప్పు దొర్లితే ఆ వరుసలోని ఏడు స్థానాలనూ పొడిచివేసేవారు. ఏడూ పొడిస్తే 127. ఆ సంఖ్య తగిలితే యంత్రం విడిచిపెట్టి ముందుకు సాగేది. ఈ యుక్తి మన లేఖకులకు ఎంతో నచ్చి ఉండేది.

టెలిటైపులు పోయాయి గాని ఆ ఆజ్ఞలు పోలేదు. వెబ్ పుటల కోసం 1995లో వెలువడిన పీహెచ్‌పీ భాషలోని 'ట్రిమ్' నేటికీ మాట రెండు కొసల నుండి ఖాళీలతో పాటు ఆ 13నూ, 10నీ, శూన్యాక్షరాన్నీ తొలగిస్తుంది. జావాస్క్రిప్టు కూడా ఆ యేడే పుట్టినా, దాని ప్రమాణగ్రంథంలో ట్రిమ్ 2009లో గాని చేరలేదు. అంతవరకు ఎవరి కత్తెర వారిదే.

ట్రిమ్ మర్యాద తెలిసినది, కొసలను తప్ప తాకదు. మావాడు అంతటితో ఆగక, కనిపించని అక్షరాలన్నిటినీ మాట నడుమ నుండి కూడా ఏరివేసే సూత్రమొకటి రాశాడు. మర్నాడు చూస్తే 'హెడ్‌మాస్టరు' కాస్తా 'హెడ్మాస్టరు' అయి కూర్చున్నాడు! యూనికోడులో తెలుగుకు 1991లో చోటు దక్కింది. పొల్లు హల్లు తరువాతి హల్లుతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడానికి అందులో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే చిహ్నముంది. దాని సంఖ్య 8204. రూపం లేదు, వెడల్పు లేదు. అది పోతే డకారం కింద మావత్తు వచ్చి చేరుతుంది.

మూలప్రతి వేరే దాచుకోకపోవడం నా అపరాధమే. ఆ చిహ్నం ఎక్కడెక్కడ ఉండేదో చెప్పే జాడ ఒక్కటీ మిగలలేదు. 'జన్మ'లో కలవవలసిన మకారమూ, 'హెడ్‌మాస్టరు'లో విడివడవలసిన మకారమూ యంత్రానికి ఒక్కటే. కనుక ఒక్కొక్క పదాన్నీ నేనే చదువుకుంటూ దిద్దుతున్నాను. ఇప్పటికి తవర్గం ముగిసింది.