బ్రహ్మనాయుడును అతని బంట్లును

సైనికుడు తన కొలువునందు తృప్తి గాంచి, నాయకుని విడువక నిలుచుటకు హేతువేమి? కొన్ని దేశముల సేనలలో నేడు అధికారులకు ఏకాంతమున హితవు చెప్పి, తమ పనియం దనురక్తి పెంచుటకు శిక్షకులను నియమించుచున్నారు. ఇట్టి శిక్ష 12వ శతాబ్దిలో మన పలనాట నెట్లు జరిగెనో వీరగాథ చెప్పుచున్నది. గాథ యంతయు చరిత్రము కాదు. శ్రీనాథుని పేర వెలసిన ద్విపద యుద్ధానంతరము రెండువందల యేండ్లకు పైబడి పుట్టినది. అయినను పలనాటివారు మరువరాదని యెంచిన దేదియో అందు కానవచ్చును.

మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు మాలకులమున బుట్టిన కన్నమదాసును పెద్దకొడుకుగా చేపట్టి, సేనాపతిని గావించెను. ఆ దినములలో అది చిన్న సాహసము కాదు. అన్ని కులముల వీరులును ఒక్కచోట చాపకూడు కుడిచిరి. చాపకూడనగనే మనము సంఘసంస్కారమని మెచ్చి యూరకుందుము. నా మట్టుకు అది సైన్యవ్యవహారము కూడ. ప్రక్కన కూర్చుండి కుడిచినవానిని రణమున విడిచి పోవుట దుష్కరము.

అనపోతు కథయే ఇందుకు సాక్షి. నాయని కుమారుడు బాలచంద్రునకు చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు కులముల చెలికాండ్రు తమ్ములై మెలగిరి. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు పోరున మడియుట పాపమని వెరచి, బాలచంద్రుడు దారిలో ఒక నెపమున అతనిని వెనుకకు పంపెను. మేలు చేసితినని తలచెను. అనపోతునకు మాత్రము అది వెలివేతయే యయ్యెను. కారణ మెరిగి అక్కడనే ప్రాణము విడిచెను. రక్షింపదలచి వేరు చేసినను వేరు చేయుటయే కదా!

అయితే నాయని హితవు సొంతకొడుకుపట్ల సాగలేదు. కోడిపందెము, ఏడేండ్ల వలస, రాయబారిగా గురజాలకు పోయిన అలరాజునకు విషప్రయోగము, ఇన్ని జరిగినను నాయడు తుదివరకు సంధినే కోరెను. బాలచంద్రు డొల్లక పోరునకు దుమికెను. తెగువ నేర్పిన పెద్దకు దానిని నిలుపు నేర్పు లేకపోయెను. కార్యమపూడి కయ్యమున బాలచంద్రుడును చెలికాండ్రును కూలిరి. నాయడు రాజ్యమును శత్రువైన నలగామరాజునకే విడిచి గుత్తికొండ బిలము చేరెనని చెప్పుదురు.

ఆ కార్యమపూడియే నేటి కారంపూడి. అచ్చట నాగులేటి దరిని కార్తికామావాస్య మొదలు అయిదు దినములు వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము గడచిన పిమ్మట, మందపోరునాడు, చాపకూడు పెట్టుదురు.