ఆ ఏడున్నర కిలోలు

మార్చి 8 దగ్గరపడుతుంటే పత్రికాఫీసులకు ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఈసారి నాకు అందిన పురమాయింపు 'మహిళలు, క్రీడలు: ఆది నుంచి నేటిదాకా'. రెండు పేజీలు, శుక్రవారంలోగా.

ఆదిని పట్టుకోవడమే కష్టం. 16వ శతాబ్దిలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, రాజుగారి కొలువులో కుస్తీ పట్టే స్త్రీలున్నారని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయాడు. వాళ్ళ పేర్లేమిటి, ఎవరు ఎవరిని పడగొట్టారు? ఆ ఊసే లేదు. గుర్రాల లెక్కలు మాత్రం శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాతి మూడు నాలుగు శతాబ్దాలూ మన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడుతూనే ఉండుంటారు. వాటికి స్కోరు పుస్తకాలు పెట్టినవాళ్ళు లేరు.

ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ళు వచ్చింది 1900లో, పారిస్‌లో. 1928లో 800 మీటర్లు పరుగెత్తనిచ్చారు. గీత దాటాక కొందరు అలసిపోయి కూలబడ్డారని గగ్గోలు పెట్టి, మళ్ళీ 1960 దాకా ఆ పరుగే లేకుండా చేశారు. పరుగు పందెంలో మగవాళ్ళు ఆయాసపడితే దాన్ని శౌర్యమనేవారు మరి. మన దేశం నుంచి నలుగురు మహిళలు 1952లో హెల్సింకీ వెళ్ళారు. 1984లో పి.టి. ఉషకు లాస్ ఏంజెలెస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పోయింది. ఇక బరువులెత్తే పోటీ సంగతి చూడండి. మగవాళ్ళకు 1896 నుంచే ఉంది. ఆడవాళ్ళకు తలుపు తీసింది 2000లో, సిడ్నీలో.

ఇక్కడితో చరిత్రను కాసేపు పక్కన పెడతాను. నాకు చెప్పాలని ఉన్నది సిడ్నీ గురించే.

శ్రీకాకుళం రోడ్ అనే రైల్వే స్టేషను ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. ఆ పక్కనే ఊసవానిపేట. రైల్వే పోలీసు కర్ణం మనోహర్ కూతురు మల్లేశ్వరి అక్కడే పెరిగింది. బరువులంటే ఆ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడిది వీరఘట్టం. అయితే ఆ ఘనతంతా మీసాలున్నవాళ్ళ ఖాతాలోదే. పన్నెండేళ్ళ మల్లేశ్వరి వ్యాయామశాలకు వెళితే కోచ్ నీలంశెట్టి అప్పన్న ఎగాదిగా చూసి, ఇంత బక్కపిల్లవి, ఇంటికెళ్ళి అమ్మకు సాయం చెయ్యమన్నారట. అమ్మ శ్యామల మాత్రం, నువ్వు చెయ్యగలవంటూ వెనక నిలబడింది. చివరికి తర్ఫీదు ఇచ్చిందీ ఆ అప్పన్నగారే. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పొమ్మన్నా పోని శిష్యురాలిని చేరదీయడమూ గురువు లక్షణమే.

1990లో జాతీయ శిబిరం చూడ్డానికి సోదరితో కలిసి వెళ్ళిన పిల్లను లియొనిద్ తరనెంకో కనిపెట్టాడంటారు. క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు ఎత్తిన సోవియట్ యోధుడాయన. నాలుగేళ్ళు తిరిగేసరికి మల్లేశ్వరి ప్రపంచ ఛాంపియన్, మరుసటేడు మళ్ళీ ఛాంపియన్. ఆ పసిడి వచ్చింది 54 కిలోల విభాగంలో. సిడ్నీలో దిగింది 69 కిలోల్లో. బరువు పెరిగింది, ఈమె వల్ల ఏమవుతుందని పెదవి విరిచినవాళ్ళకు కొదవ లేదు.

2000 సెప్టెంబరు 19. ముందు స్నాచ్, అంటే బారును నేల మీంచి ఒకే ఊపులో నెత్తి పైకి లేపడం. 105, 107.5, 110. మూడుకు మూడూ లేచాయి. తర్వాత క్లీన్ అండ్ జెర్క్: ముందు భుజాల మీదికి, అక్కడినుంచి పైకి. 125 లేచింది, 130 లేచింది. మొత్తం 240. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది.

ఆ ప్రయత్నానికి బారు మీద పెట్టించింది 137.5. ఒక్క గంతులో ఏడున్నర కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు, ఆపైన ఇంకో అర బస్తా. అది లేస్తే మొత్తం 247.5, ఇంకెవరికీ అందని పసిడి. లేవలేదు.

చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 ఎత్తారు. ఒంటి బరువు తక్కువన్న లెక్కన లిన్‌కు పసిడి దక్కింది. మనకు కంచు. ఫలితాల పట్టిక చూసుకుంటే 135 లేచినా చాలేది కదా, 245తో పైన నిలిచేది కదా అని పాతికేళ్ళుగా లెక్కలు వేసేవాళ్ళున్నారు. కాగితం మీద ఎవరికైనా బరువు లేస్తుంది. నా మటుకు నాకు ఆ రోజు లేచిన 130 కన్నా లేవని 137.5 మీదే ఇష్టం ఎక్కువ. మన పిల్ల వచ్చిందే చాలనుకోలేదు, పసిడే కావాలనుకుంది.

ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ఏడు దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే. ఆడవాళ్ళు బరువులెత్తితే కడుపు పండదని అరుగుల మీద తీర్పులిచ్చే పెద్దలు అప్పటికింకా ఉన్నారు. మల్లేశ్వరి మరుసటేడు తల్లయింది. అరుగులు ఏమన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక ఆ తర్వాతి చరిత్ర వరసలో పెడదామంటే ఒక పట్టాన కుదరదు. 2004 ఏథెన్స్‌లో మల్లేశ్వరిని నడుము నొప్పి ఓడించింది. అదే ఒలింపిక్స్‌లో మన లిఫ్టర్లిద్దరు డోపింగ్‌లో దొరికారు. మల్లేశ్వరి మెట్టినిల్లు హర్యానా కాబట్టి ఆమె మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అనుకోవచ్చు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. ఈలోగా చదరంగంలో హంపి, టెన్నిస్‌లో సానియా, క్రికెట్‌లో మిథాలీ, బ్యాడ్మింటన్‌లో సైనా, సింధు, నిజామాబాద్ నుంచి బాక్సర్ నిఖత్, కల్లెడ నుంచి పారాలింపిక్స్‌కు దీప్తి, 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి. ఒక్కొక్కరికీ ఒక ఆదివారం కావాలి. నాకిచ్చింది రెండు పేజీలు.

బరువుల సంగతికే వస్తే, ఒలింపిక్స్‌లో మనకు ఇప్పటికీ రెండే పతకాలు: సిడ్నీ కంచు, టోక్యోలో మీరాబాయి చాను గెలిచిన వెండి. 2024 పారిస్‌లో మీరాబాయి 199 కిలోలు ఎత్తింది. కంచు 200 ఎత్తిన థాయ్‌లాండ్ అమ్మాయికి పోయింది.